ఆటలో అరటిపండు

ఆరేళ్లు నిండని పిల్లల రోజును బడి, వ్యాను, హోంవర్కు, ఫోను పంచేసుకున్నాయి. ఆట తరఫున అడిగేవాళ్లే కరువయ్యారు. ఆ వయసును చట్టం కూడా గుమ్మం బయటే నిలబెట్టింది.

ఉదయం ఏడుంబావు. హైదరాబాద్ కూకట్‌పల్లిలోనో, విజయవాడ పటమటలోనో మూడో అంతస్తు ఫ్లాట్. నాలుగున్నరేళ్ల పాప సోఫాలో సగం నిద్రలో కూర్చుని ఉంటుంది. ఎదురుగా టీవీలో కార్టూన్. పాప చూపు అటు ఉన్నప్పుడు తల్లి ఇడ్లీ ముక్క నోట్లో పెడుతుంది. నమలడం మర్చిపోతే గడ్డం పట్టుకుని గుర్తు చేస్తుంది. తండ్రి సాక్సులు తొడుగుతుంటే నానమ్మ జడ వేస్తుంటుంది. తాతయ్య బాల్కనీలో నిలబడి వ్యాను వచ్చిందో లేదో చూస్తుంటారు. నలుగురు పెద్దవాళ్లు, ఒక చిన్నపిల్ల. కింద హారన్ మోగగానే అందరూ ఒక్కసారిగా లేస్తారు.

మధ్యాహ్నం దాటాక ఆ వ్యానే పాపను తెచ్చి గేటు దగ్గర దింపుతుంది. అన్నం, కాసేపు నిద్ర. లేచాక హోంవర్కు. ఏబీసీడీలు ఒక పేజీ, ఒకటి నుంచి యాభై దాకా అంకెలు ఒక పేజీ. అక్షరం గీత దాటితే రబ్బరు పెట్టి చెరిపేయాల్సిందే. సాయంత్రం ఆఫీసు నుంచి అమ్మ వచ్చేసరికి పేజీ సగంలో ఉంటుంది, పాప కళ్లలో నీళ్లుంటాయి. రాత్రి అన్నం తినాలంటే చేతిలో ఫోన్ ఉండాలి. తర్వాత నిద్ర. పొద్దున్నే మళ్లీ వ్యాను.

ఈ పాప ఏ ఒక్క ఇంటి పాపా కాదు. యూనిఫాం రంగు మారిస్తే పుణెలోనూ చెన్నైలోనూ లక్నోలోనూ కనిపిస్తుంది. ఆమెను ఎవరూ కష్టపెట్టడం లేదు. తిండికి లోటు లేదు. బొమ్మలకు అసలే లేదు, మంచం కింద ప్లాస్టిక్ డబ్బా నిండా ఉన్నాయి. ఇంతమంది ముద్దు చేస్తున్న ఆ పిల్ల రోజులో కనిపించనిది ఒక్కటే. ఏం చేయాలో తనే తేల్చుకునే గంటా రెండు గంటల తీరిక.

లెక్కకు రాని వయసు

దేశంలో జనం 24 గంటలను ఎలా ఖర్చు చేస్తున్నారో తెలుసుకోవడానికి కేంద్ర గణాంక శాఖ 2019లో తొలిసారి దేశమంతటా సర్వే చేసింది. 2024లో మళ్లీ చేసింది. వంటకు ఎంతసేపు, ప్రయాణానికి ఎంతసేపు, కబుర్లకు ఎంతసేపు, అన్నీ నిమిషాల్లో రాసుకున్నారు. 2024 సర్వే ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 89.3 శాతం మంది చదువు పనుల్లో ఉన్నారు. వాళ్లు అందుకు వెచ్చిస్తున్నది రోజుకు సగటున 413 నిమిషాలు. అంటే ఏడు గంటలకు కాస్త తక్కువ. పెద్దవాళ్ల ఆఫీసు వేళలకూ దీనికీ ఆట్టే తేడా లేదు.

మరి నాలుగేళ్ల పిల్ల రోజుకు ఎంతసేపు ఆడుకుంటోంది? ఆ సర్వేలో దీనికి జవాబు దొరకదు. ఆరేళ్లు నిండినవాళ్ల సమయాన్నే లెక్కగట్టారు మరి. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో ఆరేళ్లు, అంతకు తక్కువ వయసున్న పిల్లలు 16 కోట్లకు పైగా ఉన్నారు. వాళ్లను తలలుగా లెక్కపెట్టాం. వాళ్ల గంటలను మాత్రం లెక్కపెట్టలేదు.

హక్కుల విషయంలోనూ ఇదే కథ. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 45వ అధికరణలో, 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి పదేళ్లలోగా ప్రభుత్వం ప్రయత్నించాలని చెప్పింది. ఏ వయసు నుంచి అన్నది చెప్పలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 14 ఏళ్ల దాకా చదువు ప్రాథమిక హక్కేనని తేల్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. వివాదం మొదలైంది ప్రొఫెషనల్ కాలేజీల కాపిటేషన్ ఫీజుల మీద, మేలు జరిగింది బడిపిల్లలకు. అయితే 2002లో 86వ సవరణతో ఆ హక్కును రాజ్యాంగంలోకి ఎక్కించినప్పుడు కింద ఒక గీత గీశారు. హక్కు ఆరు నుంచి 14 ఏళ్ల వాళ్లకే. ఆరేళ్లలోపు వాళ్ల సంరక్షణకు, విద్యకు ప్రభుత్వం ప్రయత్నిస్తుందన్న మాటతో సరిపెట్టారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం కూడా పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వాలు ఏర్పాట్లు చేయవచ్చు అంది. చేయాలి అనలేదు.

పిల్లల ఆటల్లో ఇలాంటి వాళ్లకు ఒక పేరుంది, ఆటలో అరటిపండు. అక్క చంకనేసుకుని తెచ్చిన మూడేళ్ల తమ్ముడు తనూ ఆడతానని పేచీ పెడితే పెద్ద పిల్లలు వాణ్ని అలా కలుపుకునేవారు. వాడు పరుగెత్తొచ్చు, దాక్కోవచ్చు. దొరికినా ఔట్ కాడు, గెలిచినా లెక్క లేదు. పిల్లలు దయతో కల్పించిన ఆ హోదానే మన చట్టం ఏ దయా లేకుండా ఆరేళ్లలోపు వాళ్లందరికీ ఇచ్చింది.

చేయవచ్చు అని ప్రభుత్వం వదిలేసిన చోట మార్కెట్ చేసి చూపించింది. ఇవాళ మండల కేంద్రంలో కూడా గోడ నిండా కార్టూన్ బొమ్మలతో ప్లే స్కూలు కనిపిస్తుంది. లోపలికి వెళ్తే పలచటి ప్లాస్టిక్ జారుడుబల్ల ఒకటి, వరుసగా బెంచీలు, నల్లబల్ల మీద నాలుగు గీతల్లో కర్సివ్ అక్షరాలు. పేరులో ప్లే, టైంటేబుల్లో డిక్టేషన్. మెట్రో నగరాల్లో ఈ వేడి ఇంకా ఎక్కువ. ఢిల్లీలో మూడు, నాలుగేళ్ల పిల్లలకు నర్సరీ సీటు ఇవ్వడానికి ఇంటర్వ్యూలు జరగడం కోర్టు దాకా వెళ్లింది. 2006లో ఢిల్లీ హైకోర్టు నియమించిన అశోక్ గంగూలీ కమిటీ ఇంటర్వ్యూల బదులు పాయింట్ల పద్ధతి సూచించింది. ఇల్లు బడికి ఎంత దూరం, అన్నో అక్కో అదే బడిలో ఉన్నారా, తల్లిదండ్రులు అక్కడ చదివారా అని లెక్కలు మొదలయ్యాయి. పిల్లలకు పరీక్ష తప్పింది, తల్లిదండ్రులకు వచ్చింది.

ఒక ఏడాది పంతం

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే దశగా చూసింది. మూడేళ్ల ప్రీ స్కూలు, తర్వాత ఒకటి, రెండు తరగతులు. మొత్తం ఐదేళ్లూ ఆటపాటలతో నడవాలంది. ఒకటో తరగతిలోకి ఆరేళ్లకు రావాలంది. 2022-23 నుంచి కేంద్రీయ విద్యాలయాలు ఒకటో తరగతి కనీస వయసును ఐదు నుంచి ఆరేళ్లకు పెంచాయి. తల్లిదండ్రులు కొందరు వెంటనే కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్లో ముందు ఢిల్లీ హైకోర్టు, తర్వాత సుప్రీంకోర్టు వాళ్ల వాదనను తోసిపుచ్చాయి. అన్ని రాష్ట్రాలూ ఆరేళ్ల నిబంధన పాటించాలని కేంద్రం 2023 ఫిబ్రవరిలో మరోసారి గుర్తు చేసింది. కర్ణాటకలో తల్లిదండ్రుల ఒత్తిడికి ప్రభుత్వం 2025-26 ఒక్క ఏడాదికి కొన్ని నెలల సడలింపు ఇవ్వాల్సి వచ్చింది. తెలుగునాట ఐదేళ్లు నిండితే ఒకటో తరగతి అన్నది తరాల అలవాటు. అంతకు ముందే పంపి, రిజిస్టర్లో పుట్టిన తేదీని ఒక ఏడాది ముందుకు జరిపించిన తాతల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి.

ఒక్క ఏడాది కోసం ఇంత పంతం ఎందుకు? తల్లిదండ్రుల మాటల్లో ఏడాది వృథా అవుతుంది. పక్కింటి పిల్లాడు ఒక క్లాసు ముందుంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే ఉద్యోగం ఒక ఏడాది ఆలస్యమవుతుంది. ఈ లెక్కలో పొరపాటు ఎక్కడుందో ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో వచ్చే అసర్ నివేదిక 2019లో చూపించింది. ఆ ఏడాది 24 రాష్ట్రాల్లోని 26 జిల్లాల్లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ల గ్రామీణ పిల్లలను మాత్రమే పరిశీలించారు. ఒకటో తరగతి పిల్లల్లో ఆరేళ్ల వాళ్లు 41.7 శాతమే. 21.9 శాతం మంది నాలుగైదేళ్ల వాళ్లు, 36.4 శాతం మంది ఏడెనిమిదేళ్ల వాళ్లు. ఒకే గది, ఒకే పుస్తకం, ఒకే టీచరు. వయసులో మూడు నాలుగేళ్ల తేడా. చదవడంలోనూ లెక్కల్లోనూ ఎక్కువ వయసు వాళ్లే మెరుగ్గా చేశారు. తొందరగా తోసిన పిల్లలు తొందరగా ఏమీ నేర్చుకోలేదు. క్లాసులో వెనకబడటం మాత్రం ముందే రుచి చూశారు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 విధాన పత్రం రాసింది. ఈ అంకె చూసి విధానం రాసినవాళ్లు ఆట పెంచమన్నారు. అదే అంకె చూసి తల్లిదండ్రులు కంగారుపడి చదువు పెంచారు.

మణికట్టుకు తెలిసిన నిజం

మనిషి మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో రెండో మూడో కనిపిస్తాయి. మిగతావి అప్పటికింకా మృదులాస్థి. ఐదారేళ్లు వచ్చేసరికి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి, ఆఖరిది ఎనిమిదేళ్లు దాటాక. అలాంటి చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల మధ్య రాయమంటున్నాం. పిల్ల ఏడిస్తే బద్ధకం అంటున్నాం. ఆ చేతికి కావలసిన కసరత్తు పేజీలో లేదు, వంటింట్లో ఉంది. చపాతీ పిండి ముద్ద పిసకడం, బఠాణీలు ఒలవడం, పూసలు గుచ్చడం, తడి ఇసుకలో గూళ్లు కట్టడం. నానమ్మ పిండి కలుపుతుంటే తనకూ ఒక ముద్ద కావాలని పిల్ల పేచీ పెడుతుంది కదా, అప్పుడు తన చేతికి కావలసినదే అడుగుతోంది. బట్టలు పాడవుతాయని మనం ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోబెడతాం.

అంకెల సంగతీ అంతే. యూకేజీ పిల్ల నూరు దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. చుట్టాల ముందు చెప్పించి మురిసిపోతాం. అదే పిల్లను వంటింట్లోకి వెళ్లి ఏడు చెంచాలు పట్రమ్మంటే చాలాసార్లు చేతికొచ్చినన్ని పట్టుకొస్తుంది. నూరు దాకా చెప్పడం పాట లాంటిది. ఏడు వస్తువులను ఒక్కొక్కటిగా విడదీసి, దేన్నీ రెండుసార్లు ముట్టుకోకుండా, ఆఖరి అంకె దగ్గర ఆగడం లెక్క. వామనగుంటలు ఆడిన పిల్లకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. గుంటలోంచి చింతపిక్కలు తీసి గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోవడం, ఎక్కడ ఆగితే ఎన్ని గెలుస్తామో ముందే ఊహించడం, ఎదుటివాళ్ల గుంటలో ఎన్నున్నాయో కంటితోనే అంచనా వేయడం. ఖరీదైన బడిలో ఇదే పనికి రంగుల ప్లాస్టిక్ పూసలు కొని, ఆ పీరియడ్‌కు మ్యాథ్స్ యాక్టివిటీ అని పేరు పెడతారు.

తొక్కుడుబిళ్ల ఒంటికాలి మీద నిలబడటం నేర్పుతుంది. అచ్చంగిల్లాలు కంటినీ చేతినీ ఒకదాని వెంట ఒకటి నడిపిస్తాయి. కానీ ఆటల్లో అసలు సంగతి ఈ కసరత్తులు కాదనిపిస్తుంది. ఔటా కాదా అన్న గొడవ అసలైనది. నువ్వు గీత తొక్కావు, తొక్కలేదు, ఒట్టు వేయి, సరే ఇంకో ఛాన్స్. పెద్దవాళ్లెవరూ తీర్పు చెప్పకుండా అరగంటలో పది పంచాయతీలు తేలిపోతాయి. నా బ్యాటు నేను తీసుకుపోతా అని అలిగి వెళ్లినవాడు పదినిమిషాల్లో తిరిగొస్తాడు, ఒంటరిగా బ్యాటుతో చేసేదేమీ లేదు కనక. ఇంతకంటే మంచి పౌరశాస్త్ర పాఠం ఏ తరగతిలో ఉంది?

రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లో ఆట గురించి ఇచ్చిన ఉపన్యాసంలో, ఆడుకునేటప్పుడు పిల్లలు తమ వయసును మించి ప్రవర్తిస్తారని వాదించారు. నమ్మకం లేకపోతే స్టాచ్యూ ఆట చూడండి. అన్నం ముందు రెండు నిమిషాలు కదలకుండా కూర్చోలేని పిల్లవాడు స్టాచ్యూ అనగానే ఒంటికాలి మీద బిగుసుకుపోతాడు. దోమ కుట్టినా కదలడు. క్రమశిక్షణ అని మనం అరిచి రప్పించలేనిది ఆట నియమం కోసం తనంతట తనే తెచ్చుకుంటాడు. టీచరాట ఆడే పిల్లను కూడా ఓసారి చాటుగా గమనించాలి. దిండ్లను వరుసగా కూర్చోబెట్టి, స్కేలు పట్టుకుని ఏ దిండును ఎందుకు కొడుతోందో చూస్తే, ఫీజు కట్టిన బడిలో ఏం జరుగుతోందో రిపోర్టు కార్డు కంటే స్పష్టంగా తెలుస్తుంది.

పాత వీధులను తలచుకుని కన్నీళ్లు పెట్టుకోవాలని చెప్పడం లేదు. ఆ వీధుల్లో ఆటలు అందరివీ కావు. తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చిన ఆ అక్కకు ఎనిమిదేళ్లే, ఇంట్లో తమ్ముణ్ని చూసుకునే పని తనదే గనక తెచ్చింది. ఏ పిల్లలు ఏ వీధిలోకి వెళ్లి ఆడుకోవచ్చో కులం నిర్ణయించేది. వీధిబడిలో అల్లరి చేసిన పిల్లవాణ్ని కోదండం వేసేవారు, అంటే తాడుకు వేలాడదీసేవారు. ఆ కాలం మళ్లీ రానక్కర్లేదు. అక్షరాభ్యాసం విషయంలో మాత్రం పాతవాళ్లకు ఒక తెలివి ఉందనిపిస్తుంది. బాసరలోనో ఇంట్లోనో, పళ్లెంలో బియ్యం పోసి, పిల్ల వేలు పట్టుకుని పెద్దవాళ్లే రాయించేవారు. పెన్సిల్ లేదు, గీతలు లేవు, తప్పొప్పులు అంతకంటే లేవు. పలకలూ బలపాలూ పంచేసి ఆ పూటకు పిల్లను ఆటకు వదిలేసేవారు. ఇప్పుడు రోజూ అక్షరాభ్యాసమే.

అంగణంలో పుట్టిన బడి

చిన్నపిల్లల చదువంటే ఆట అన్నది ఫిన్లాండ్ నుంచి దిగుమతైన ఆలోచన అనుకునేవాళ్లున్నారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయ్ బధేకా బాలమందిరం తెరిచింది 1920లో. వృత్తిరీత్యా ఆయన లాయరు. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం వల్ల ఇరుక్కుపోయి 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. గిజుభాయ్‌తో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ తర్వాత మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి, అక్కడి నుంచి కోస్‌బాడ్‌కు వెళ్లి వార్లీ ఆదివాసీ పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. ఆకులు, గింజలు, రాళ్లే బోధన సామగ్రి. ఇంటి అంగణంలో నడిచే ఆ బడికి అంగన్‌వాడీ అనే పేరు.

తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లలను మైకు ముందుకు తెచ్చింది కూడా ఆ కాలంలోనే. పిల్లలు వినడానికే కాదు, మాట్లాడటానికి కూడా ఉన్నారని వాళ్లు నమ్మారు.

1975 అక్టోబర్ 2న 33 ప్రాంతాల్లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకానికి అంగన్‌వాడీయే ఆధారం. ఇప్పుడు దేశంలో 13 లక్షలకు పైగా కేంద్రాలున్నాయి. ఆరేళ్లలోపు పిల్లలకు ప్రభుత్వం కట్టిన ఏకైక పెద్ద ఇల్లు ఇదే. మన ఊళ్లలో అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, మధ్యాహ్నం అన్నం, పసివాళ్లకు బాలామృతం. మూడేళ్లు దాటిన వాళ్లకు ఆటపాటల బడి నడపడం కూడా దాని పనే. దానికి వేళ దొరికితే కదా. పిల్లలను తూచాలి, ఫోన్లో పోషణ్ ట్రాకర్ నింపాలి, గర్భిణుల పేర్లు రాయాలి, పోలియో చుక్కలకు పిలుచుకురావాలి, ఏ సర్వే వచ్చినా వెళ్లాలి. ఇవన్నీ అయ్యాక, ఆయా అన్నం వండుతున్న పొగలో, ఆ టీచరు పాట పాడించాలి. గౌరవ వేతనం తీసుకుంటూ ఇన్ని పనులు చేసే మనిషిని పిల్లలతో ఎందుకు ఆడలేదని అడగడానికి నోరు రాదు.

దీని ఫలితం ఊళ్లో కళ్లకు కడుతుంది. ఆటకు అధికారికంగా చోటున్న కేంద్రం నుంచి మూడేళ్లు రాగానే పిల్లను మాన్పించి, వ్యానెక్కించి, పక్క ఊరి ఇంగ్లిష్ మీడియం నర్సరీకి పంపుతారు. అందరినీ కాదు. అసర్ 2019లోనే ఇంకో లెక్క ఉంది. నాలుగైదేళ్ల ఆడపిల్లల్లో 56.8 శాతం మంది ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉంటే, మగపిల్లల్లో 50.4 శాతమే ఉన్నారు. ప్రైవేటులో మగపిల్లలు 49.6 శాతం, ఆడపిల్లలు 43.2 శాతం. ఫీజు కట్టాల్సి వస్తే ఎవరికి కట్టాలో నాలుగేళ్ల వయసులోనే నిర్ణయమైపోతోంది. ఒకే ఇంట్లో అన్న వ్యానెక్కుతాడు, చెల్లెలు గిన్నె పట్టుకుని అంగన్‌వాడీకి నడుస్తుంది. ఆడుకునే అవకాశం బహుశా చెల్లెలికే ఎక్కువ. అయినా అది ఆమెకు దక్కిన వరమని ఎవరూ అనుకోరు, ఆమె కూడా.

డాగీ వచ్చింది చూడు

ఇంగ్లిష్ మోజు గురించి ఉపన్యాసాలు ఎన్నో విన్నాం. ఒక చిన్న విషయం మాత్రం గమనించదగ్గది. మధ్యతరగతి తెలుగింట్లో మూడేళ్ల పిల్లతో మాట్లాడే తెలుగు వేరుగా తయారైంది. డాగీ వచ్చింది చూడు, హ్యాండ్స్ వాష్ చేసుకో, మూన్ ఎక్కడుంది. క్రియ తెలుగు, నామవాచకం ఇంగ్లిష్. పిల్ల ఆటలోకి దిగితే ఈ రెండూ చాలవు. బొమ్మను జోకొట్టడానికి, స్నేహితురాలితో పోట్లాడటానికి, భయమేసిందని చెప్పడానికి ఒక నిండు భాష కావాలి. వీలున్నంతవరకు కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన ఉండాలని 2020 విధానం చెప్పింది. బడి మాట తర్వాత. ఇంట్లోనైనా ఇంటి భాష ఉండాలి కదా.

ఆ భాష వినిపించడానికి మనుషులకు తీరిక ఉండాలి. 2024 సర్వేలో పిల్లల, పెద్దల సంరక్షణ పనులు చేసే 15-59 ఏళ్ల మహిళలు రోజుకు 140 నిమిషాలు వాటికి వెచ్చిస్తుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 140 నిమిషాల్లోనే స్నానం, తిండి, హోంవర్కు, నిద్రపుచ్చడం అన్నీ. అలసిపోయిన చేయి ఫోన్ అందిస్తే తప్పు పట్టేముందు ఆ ఇంట్లో రెండో జత చేతులు ఎక్కడున్నాయో కూడా అడగాలి. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాక ఎల్‌కేజీని ఫోన్‌లోనే మొదలుపెట్టిన పిల్లలున్నారు. అంతకు ముందు తప్పనిపించిన ఫోను అప్పుడు బడి అయిపోయింది. బళ్లు తెరిచాక కూడా అది పిల్లల చేతిలోంచి దిగలేదు. మూడు నాలుగేళ్ల వాళ్లకు రోజుకు కనీసం మూడు గంటల కదలిక, అందులో గంటసేపు చెమట పట్టే ఆట, 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలనీ, కదలకుండా తెర చూడటం గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదట్లో చెప్పిన పాప రోజులో ఈ మూడు గంటలు ఎక్కడ సర్దుతారో ఓసారి ప్రయత్నించి చూడండి.

సర్దాలన్నా చోటుండాలి. పార్కింగ్‌లో బంతి ఆడరాదని అపార్ట్‌మెంట్ సంఘం బోర్డు పెడుతుంది. వీధి బైకులది. పార్కులో గడ్డి మీద నడవరాదు. ఇంట్లో ఆడితే కింది ఫ్లాటువాళ్లు ఫోన్ చేస్తారు. పిల్లల ఆటను గొడవగా, కారుకు గీతగా చూసే ఊళ్లు కట్టుకుని, తర్వాత శని, ఆదివారాల్లో గంటకింత అని డబ్బు కట్టి మాల్‌లోని ప్లే జోన్‌కు తీసుకెళ్తున్నాం.

ఆదేశాలకైతే లోటు లేదు. స్కూలు బ్యాగుల బరువు గురించి ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో ఆవేదనతో మాట్లాడింది 1989లో. యశ్‌పాల్ కమిటీ భారం లేని చదువు గురించి నివేదిక ఇచ్చింది 1993లో. తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతుల బ్యాగు కిలోన్నర మించరాదని 2017లో ఉత్తర్వు ఇచ్చింది. ఆ రెండు తరగతులకు హోంవర్కు వద్దని 2018లో మద్రాసు హైకోర్టు, అదే ఏడాది కేంద్రం చెప్పాయి. ప్రీ ప్రైమరీకి అసలు బ్యాగే వద్దని 2020 స్కూలు బ్యాగు విధానం అంది. బొమ్మలు, తోలుబొమ్మలు, పజిళ్లతో కేంద్రం 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా అనే పెట్టె కూడా విడుదల చేసింది. అయినా సాయంత్రం ఆటోలోంచి ముందు బ్యాగు దిగుతుంది, తర్వాత పిల్ల.

కొత్త విద్యా సంవత్సరానికి నర్సరీ వెతుక్కునేవాళ్లు సాధారణంగా ఫీజు, ఏసీ, సీసీ కెమెరాలు, మొదటి ఏడాది చివరికి పిల్ల ఏం చదవగలుగుతుందన్నది అడుగుతారు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. అక్కడ ఇసుకో మట్టో ఉందా? బొమ్మలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, పాడవుతాయని బీరువా మీద పెట్టారా? మూడేళ్లవాళ్లు, ఐదేళ్లవాళ్లు రోజులో కాసేపైనా కలిసి ఆడతారా? పిల్లలు మాట్లాడుతున్నారా, టీచరొక్కరే మాట్లాడుతున్నారా? మొదటి నెలలోనే నోటు పుస్తకాల జాబితా చేతిలో పెడుతున్నారా? పదకొండు గంటలప్పుడు చెప్పకుండా వెళ్లి గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే వీటిలో సగానికి జవాబు వినిపిస్తుంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు నలభై మంది ఉన్న చోట ఆ వేళకు చడీచప్పుడు లేకపోతే లోపలికి వెళ్లి ఎందుకో కనుక్కోండి.